నా చేలోంచి పోయిన నీ దారి

రేగడిపాలెం, అద్దంకి దగ్గర
2026 ఫిబ్రవరి 5, గురువారం

మహారాజశ్రీ జయదేవ్ గారికి,

సాదిక్ సలాములు. ఇక్కడ నేనూ, జాన్‌బీ, పిల్లలూ, రెండు గేదెలూ అందరం కులాసా. మంగళగిరిలో తమరూ, తమ ఆఫీసూ, తమ సైకిల్ క్లబ్బూ కూడా కులాసా అనే తలుస్తాను. నా చేలో మిరప చెట్లు మాత్రం కులాసాగా లేవు.

మర్యాద ఇంతటితో అయిపోయింది. ఒరేయ్ జయా, ఇక ఈ ఉత్తరంలో గారూ లేదు, తమరూ లేదు.

ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఆదివారం నుంచి నువ్వు ఫోనెత్తడం లేదు. మీ గ్రూపులో పెడదామంటే, మీవాళ్లు కింద దండం పెట్టే బొమ్మలు గుప్పిస్తారు తప్ప ఒక్కడూ చదవడు. కాగితమైతే చేత్తో విప్పాలి. చింపేసినా, చింపేముందు నాలుగు లైన్లు కంట్లో పడతాయి. ఆ నాలుగు లైన్లలోకే సరిపడా తిట్లు కుక్కుదామని చూశాను గానీ పట్టలేదు. అందుకే ఇన్ని కాగితాలు.

మొదట నా తెలివితక్కువతనం సంగతి చెప్పుకోవాలి. నవంబరులో నువ్వు ఫోన్ చేసి, చెరువులూ అడవీ కొండలూ అన్నీ కలిసేలా మూడు రోజుల గ్రావెల్ రైడు పెడుతున్నాన్రా, తారు రోడ్డు ముట్టుకోకుండా కాలవ కట్టల మీదా బండ్లు నడిచే డొంకల మీదా పోతాం, మీ వైపు దారులు నీకు తెలుసు కాబట్టి నువ్వు వెనక ఉండి ఆఖరి మనిషిని చూసుకో అన్నావు. నేను ఎగిరి గంతేశాను. గుంటూరు పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఒకే గదిలో పడుకున్నవాళ్లం. అద్దె సైకిలు మీద నువ్వు తొక్కుతుంటే నేను వెనక కూర్చుని కొండవీడు దాకా పోయినవాళ్లం. అవన్నీ గుర్తొచ్చాయి. ఒప్పుకునే ముందు ఇంట్లో ఒక్క మాటైనా అడగలేదు. మిరప రెండో కోత ముందు పెట్టుకుని ఎవడైనా సైకిలు తొక్కడానికి పోతాడా అని జాన్‌బీ అంది. మూడు రోజులే కదా, కూలీలను మాట్లాడిపెట్టి పోతానన్నాను. ఆ మాటకి ఆదివారం నుంచి ఇంట్లో నాకు మూడు పూటలా వడ్డన జరుగుతోంది.

నువ్వు పంపిన సైకిలు చూసి ఊళ్లో వాళ్లు ఎంత నవ్వారో నీకు చెప్పలేదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంది, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లయినా లేదు, దీని ఖరీదుకి మంచి గేదె వస్తుంది కదరా అన్నారు. వంటికి అతుక్కున్న ఆ పచ్చ చొక్కా వేసుకుని టీకొట్టు ముందు నుంచి పోతుంటే, పెళ్లికొడుకు వెళ్తున్నాడన్నారు. అన్నీ పడ్డాను, నీ కోసమే పడ్డాను.

ఇంకో సంగతి దాచను. మొదటి రెండు రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను. శుక్రవారం సాగర్ కాలవ కట్ట మీద దర్శి వైపు పోతుంటే, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పత్తి చేలు, టైర్ల కింద గులకరాళ్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నీళ్లు ఎప్పుడు వదులుతారా అని చూడటానికే తప్ప ఆ కట్ట ఎక్కని మనిషిని నేను. శనివారం కంభం చెరువు చూశాను. కట్ట మీద ఆగి నువ్వు ఎవరికో వీడియో తీస్తుంటే, నేను అటు తిరిగి ముఖం తుడుచుకున్నాను. అన్ని నీళ్లు ఒక్కచోట చూసేసరికి నాకు సన్నగా పోసే మా బోరు గుర్తొచ్చింది. మధ్యాహ్నం నల్లమల అంచున, అటవీశాఖ వాళ్లు పోనిచ్చిన దారిలో, ఎండుటాకులు చక్రాల్లో పడి గలగలలాడుతుంటే, చిన్న పిల్లాడిలా కావాలనే వాటి మీద నుంచి తొక్కాను. ఘాట్ ఎక్కలేక నేను దిగి నడుస్తుంటే నువ్వు వెనక్కి వచ్చి నాతో పాటు నడిచావు. ఏరా, ఇక్కడే ఉండిపోదామా అన్నావు. ఉండిపోయినా బాగుండేది, నా చేనైనా మిగిలేది.

ఇక ఆదివారం సంగతి. పొద్దున టిఫిను దగ్గర నేను నీకు ఏం చెప్పాను? మా ఊరి తూము దగ్గర కట్ట దిగి తారు రోడ్డు పట్టండి, అక్కడ అటూ ఇటూ చేలే అని చెప్పానా లేదా? సరే సరే అన్నావు. చెవిలో ఆ పాటల బిళ్ల పెట్టుకుని అన్నావని నాకు తర్వాత వెలిగింది.

మా ఊరు ఇంకా పది మైళ్లుందనగా శరణ్యగారి టైరుకి తుమ్మముల్లు దిగింది. పాపం ఆవిడ గుంటూరులో బ్యాంకులో పనిచేస్తారట, ఇంత దూరం తొక్కడం ఇదే మొదలట. టైరులోంచి పంచరు పూడ్చే పాలలాంటి మందు కారిపోతుంటే ఏడుపు ముఖం పెట్టారు. ఆఖరి మనిషిని వదిలి పోకూడదన్నది నీ క్లబ్బు నియమమే కదా. ఆగాను, బాగు చేశాను, ఆవిడను నెమ్మదిగా తీసుకొచ్చాను. మీరు ముప్ఫై మందీ ముందుకు పోయారు.

తూము దగ్గరికి వచ్చేసరికి టైరు గుర్తులు తారు రోడ్డు వైపు పోలేదు. కట్ట దిగి నేరుగా నా చేలోకి పోయాయి. నా చేలోకి, జయా! చేను నడిమధ్య నుంచి, కొలబద్ద పెట్టి గీసినట్టు. ఈ చివర నుంచి ఆ చివరకు మిరప చెట్లు పక్కలకు ఒరిగి ఉన్నాయి. పండిన కాయ రాలి మట్టిలో తొక్కుడు పడి ఉంది. కొమ్మలు చీలిపోయాయి, డ్రిప్పు పైపులు తెగి నీళ్లు చిమ్ముతున్నాయి. శరణ్యగారు నా వెనకే ఆగి, ఇది మీదా అండీ అన్నారు. నాదేనని ఏ ముఖంతో చెప్పను? నా వంటి మీదా మీ పచ్చ చొక్కాయే ఉంది కదా.

ఆ చేను ఎలాంటిదో నీకు తెలియదు. మా నాన్న ఇమాం హుస్సేన్ రెండు ముక్కలుగా కొని, మధ్యలో మిట్టగా ఉన్నచోట చెరువు మట్టి తోలించి, ట్రక్కు మీద ట్రక్కు పోయించి, చదును చేసి ఒక్క చెక్క చేసిన నేల. ఆయన పోయాక పాలిటెక్నిక్ చదువు పక్కన పెట్టి నేను పట్టుకున్నది ఆ నేలనే. దాని నడుం మీద నుంచి మీరు పోయారు.

కోతకొచ్చిన ఆడవాళ్లు జరిగింది చెప్పారు. మీరు గట్టు మీద ఆగారట. ఇది దారి కాదయ్యా, చేను, అటు తిరిగి పోండి అని ఒకామె అరిచిందట. నువ్వు ఫోను తీసి ఆమె ముఖం మీద పెట్టి, దారి ఉందమ్మా, ఇదిగో మ్యాపులో ఉంది చూడు అన్నావట. ఎదురుగా చెట్టు కనిపిస్తోంది, కాయ కనిపిస్తోంది, మనిషి వద్దని చెబుతోంది. నీకు మాత్రం ఫోనులో నీలం గీతే కనిపించింది! ఇంజనీరింగు చదివిన కళ్లురా అవి?

ఇంతటితో ఆగినా సగం క్షమించేవాణ్ణి. చేను దాటాక కల్లం ఉంది కదా, మొదటి కోత కాయ ఎండబోసిన కల్లం. మా ఇంట్లో పిల్లలు కూడా చెప్పులతో అందులోకి పోరు. జాన్‌బీ కాయ తిరగెయ్యడానికి పోయినప్పుడు కాళ్లు కడుక్కుని మరీ అడుగు పెడుతుంది. హిందువుల కల్లమైనా మా కల్లమైనా ఈ వైపు అంతే. నీ మనుషులు అడుగున ఇనుప బిళ్లలున్న బూట్లతో దాని మీదకెక్కారు. తిన్నగా దాటిపోయినా ఒక రకం. ఎర్రగా భలే ఉందని ఆగి, కాయల మధ్య సైకిళ్లు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. జాన్‌బీ వంటింట్లోంచి చీపురుతో పరిగెత్తుకొచ్చి అరిస్తే, ఊళ్లో వాళ్లు పలకరిస్తున్నారనుకుని చేతులు ఊపారట. ఒకడు ఆమెను కూడా ఫొటో తీశాడు. ఆ ఫొటో మీ గ్రూపులో ఉంది, నేను చూశాను. కింద ఎవరో రూరల్ వైబ్స్ అని రాశారు. నా భార్య తిడుతున్న నోరది, జయా. నవ్వుతున్న నోరు కాదు.

నేను సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే కట్ట మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మా ఊళ్లో కోడి పక్కింట్లో గుడ్డు పెట్టినా పంచాయితీ దాకా పోతుంది. అలాంటిది, ఇంత జరిగితే అయ్యోపాపం అన్నవాడు లేడు, పట్టణం వాళ్లను తెచ్చి నెత్తిన పెట్టుకున్నావని తిట్టినవాడూ లేడు. నన్ను చూసి ముఖాలు తిప్పుకున్నారు. నీ వల్ల నాకు దక్కిన మర్యాద అది. మా నాన్న ముందు ఈ ఊళ్లో ఎవడూ ముఖం తిప్పుకుని ఎరగడు.

రైడు ముగిసి అద్దంకిలో మీరు మెడలో బిళ్లలు వేసుకుంటుంటే వచ్చి అడిగాను కదా, ఏమన్నావు? అరెరే నీ చేనా అన్నావు. నాది కాకపోతే తొక్కచ్చా? ఆ తర్వాత మళ్లీ ఫోనే తీశావు. చూడరా, గ్రామ డొంక అని స్పష్టంగా ఉంది, నేనేమీ గీయలేదు అన్నావు. ఆ మీదట భుజం మీద చెయ్యేసి, నష్టం ఎంతో చెప్పు, క్లబ్బు నుంచి ఇప్పిస్తాలే అన్నావు. అందరి ముందూ అన్నావు, హోటలు బిల్లు కడతానన్నట్టు. ఆ చెయ్యి నేను విదిలించుకున్నాను. విదిలించుకోవడంతో ఆగినందుకు నువ్వే అల్లాకి దణ్ణం పెట్టుకో.

తుళ్లూరులో మీ పొలం రాజధానికి ఇచ్చేశారు. తప్పనను, ఊరంతా ఇచ్చింది, మీరూ ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పెద్ద రోడ్డు పడిందని నువ్వే చూపించావు. కానీ అప్పటి నుంచి నీకు చేను చూస్తే రోడ్డులా కనిపిస్తున్నట్టుంది. నాకు చేను చేనులాగే కనిపిస్తుంది. దాంట్లో డొంక లేదు. నేను పుట్టి బుద్ధి ఎరిగాక లేదు. మ్యాపు గీసినవాడు ఏ ఆఫీసులోనో కూర్చుని టీ తాగుతూ గీసి ఉంటాడు.

సరే, నేను చేయబోయేది చెబుతాను, విను. ఒకటి, రేపటి నుంచి ఆ టైరు గుర్తుల వెంబడి రాతి స్తంభాలు పాతిస్తున్నాను. ముళ్ల కంచె వేయిస్తాను. మీ ఫోన్లో ఏ రంగు గీత ఉన్నా ఇకపై దిగబడేది ముళ్ల తీగెలోనే. ఇంకొకటి, వచ్చే ఏడు మీ రైడుకు మా మండలంలో అనుమతి దొరక్కుండా ఎమ్మార్వోకీ పోలీసులకీ ఫిర్యాదు ఇస్తాను. రాసి పెట్టాను, సంతకమే తరువాయి. ఆ రైడు నీకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. తెలిసే చేస్తున్నాను.

అది ఆగాలంటే ఒకటే దారి, అది ఏ మ్యాపులోనూ లేదు. ఈ ఆదివారం కాక పై ఆదివారం, పదిహేనో తారీఖున నువ్వు రావాలి. కారు ఊరి బయట ఆపి నడిచి రావాలి. కల్లం అంచున బూట్లు విప్పి, ఊరంతా చూస్తుండగా జాన్‌బీకి తప్పయిందని చెప్పాలి. నాకు చెప్పనక్కర్లేదు. ఆమెకు చెప్పు. రాకపోతే సోమవారం ఫిర్యాదు పోతుంది. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో.

సైకిలు బస్సు మీద వేసి పంపిస్తాను. ముల్లు దిగిన టైరు శరణ్యగారిది, నాది కాదు. నాది బాగానే ఉంది.

ఇట్లు
ఒకప్పటి నీ గదిలోవాడు,
సాదిక్

తా.క.

శనివారం, ఏడో తారీఖు

పైదంతా గురువారమే రాసి కవరు అంటించి గూట్లో పెట్టాను. ఇప్పుడు ఆ కవరు చించి ఇది రాస్తున్నాను. పైన ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదు. నేనెలా అరిచానో నీకు తెలియాలి.

నిన్న పొద్దున స్తంభాలకి గుంతలు తీయించడం మొదలుపెట్టాను. మా ఊరి ప్రేమదాసు గునపం వేశాడు. జానెడు దిగాక ఖంగుమంది. రాయేమో, పక్కకి వెయ్యి అన్నాను. పక్కనా ఖంగుమంది. మట్టి తీసి చూస్తే, పైన నల్లరేగడి, కింద ఎర్ర గ్రావెలు. రోడ్డుకు పోసి రోలరు తొక్కించినట్టు గట్టిగా పరుచుకుని ఉంది. ఇంకో గుంత తీయించాను, ఇంకొకటి తీయించాను. మీ టైరు గుర్తుల మీద ఎక్కడ తవ్వినా గ్రావెలే. నాలుగు బారలు పక్కకి పోతే ఎంత లోతు దిగినా రేగడే.

ప్రేమదాసు గునపం కింద పెట్టి బీడీ వెలిగించాడు. నా ముఖం చూడలేదు. ఇదేంటయ్యా అన్నాను. నాకెందుకులే బాబూ, తియ్యమంటే తీస్తున్నా అన్నాడు.

మా వెనక చేను రహిమున్నీసా పిన్నమ్మది. మా నాన్నకు వరసకు తమ్ముడి భార్య, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ దగ్గరికి పోయి అడిగాను. ఆవిడ కాయ ఏరడం ఆపకుండానే చెప్పింది. డొంక అబ్బాయ్, కరువు పనిలో వేసిన డొంక, ఆ గ్రావెలు తట్టతో మోసినవాళ్లలో నేనూ ఉన్నా అంది. మీ నాన్న రెండు పక్కలా చేను కొన్నాక ఏడాదికో సాలు లోపలికి దున్నాడు, మిగిలినదాని మీద చెరువు మట్టి తోలించాడు అంది. అప్పటి నుంచి ఆవిడ చేలోకి బండి రాదు, ట్రాక్టరు రాదు. కాయ నింపిన టిక్కీ బస్తాలు నెత్తిన పెట్టించి గట్టు మీద నుంచి కాలవ కట్ట దాకా మోయిస్తుంది. కూలీలు దొరక్కపోతే తనే మోస్తుంది. నేను రోజూ చూశాను. ఆవిడ చేను లోపలికి ఉంది కాబట్టి మోస్తుందనుకున్నాను. పంచాయితీలో పెట్టలేదా పిన్నమ్మా అంటే, పెద్దమనిషి మీ నాన్నే కదా అబ్బాయ్, ఎవర్ని అడగను అంది.

నాకు తెలియదన్నాను. నీకు తెలియదని తెలుసు, అందుకే ఊళ్లో ఎవరూ చెప్పలేదు అంది. అందరికీ తెలుసట, జయా. కట్ట మీద నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ఇన్నేళ్లకి ఆ దారి మళ్లీ నడిచింది, నాకు కళ్లనీళ్లు తిరిగాయి అంది ఆవిడ. మీరు తొక్కిన కాయ నాదని ఆవిడకు బాధే. ఆ మాట కూడా అంది.

ఫిర్యాదు చింపేశాను. స్తంభాలు వెనక్కి పంపాను. నా కోపం మాత్రం తగ్గలేదు. మా నాన్న మీద కోపగించుకుందామంటే ఆయన లేడు. నీ మీద సగమే మిగిలింది. ఆ సగం కల్లం గురించి, అది వదలను. డొంక కల్లం ముందే పక్కకి తిరుగుతుంది, పిన్నమ్మే చూపించింది. జాన్‌బీ కూడా అదే మాట మీద ఉంది.

పిన్నమ్మకి ఇప్పుడు రెండో కోత నడుస్తోంది. ట్రాక్టరు ఆవిడ చేలోకి పోవాలంటే మధ్యలో చెట్లన్నీ తియ్యాలి. మీరు తొక్కింది రెండు మూడు సాళ్లే, డొంక వెడల్పు దానికి నాలుగింతలు. నీ కోతలు అయ్యాక తియ్యొచ్చులే అబ్బాయ్, ఇన్నాళ్లు ఆగాను కదా అంటుంది ఆవిడ. నాకూ అదే బాగుందనిపించింది ముందు. ఒక్క కోతే కదా అనుకున్నాను. మా నాన్న కూడా ఏటా ఒక్క సాలే కదా అనుకుని ఉంటాడు. ఇక ఆగనని ఆవిడకు చెప్పి వచ్చాను.

ఇవాళ పొద్దున చేలోకి పోయాను. కాయ విరగ్గాసిన చెట్టు, ఇంకా పూత కూడా ఉంది. మొదలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పీకలేక వదిలేసి ఇంటికొచ్చాను.

పైన చెప్పినట్టు పదిహేనో తారీఖు ఆదివారం రా. కారు ఎక్కడైనా ఆపుకో. కల్లం దగ్గర మాత్రం బూట్లు విప్పి జాన్‌బీకి చెప్పాల్సింది చెప్పు. చెప్పాక నాతో చేలోకి రా, మొదటి చెట్టు నువ్వు పీకు. ఆ ఒక్కటి అయితే మిగిలినవి నేను పీకుతాను.